ఈడ్చిన గీతలు

కాగితం మీద ఆ అంతస్తు ఎంతో శుభ్రంగా ఉండేది.
నలభై బల్లలు, నలభై కుర్చీలు,
ఒక్కో బుర్రకి ఒక్కో గోడ.
దుబాయ్‌లో కూర్చుని గీసినాయన
సొహార్ పిల్లలు చదువుతుంటే చూసి ఉండడు.

నిజం చెప్పాలంటే నేనూ చూడలేదు.
లైబ్రరీలో నా డ్యూటీ నాలుగింటికే ముగిసేది.
ఎంతమంది వచ్చారో గేటు చెప్పేది.
ఎక్కడ కూర్చున్నారో గేటుకేం తెలుసు?

నర్సింలుకి తెలుసు.
రాత్రి పదకొండింటికి మాపు, బకెట్టుతో దిగేవాడు.
మెట్‌పల్లి అవతల ఏదో ఊరు.
ఒకరోజు నాకోసం పొద్దుటిదాకా ఆగాడు.
"మేడమ్, రోజు గీ రెండు బల్లలు కలుపుతున్రు,
రోజు నేను ఇడదీస్తున్న.
నడుం పోతాంది. మీరే ఏదన్న చెప్పున్రి."

ఫిర్యాదనుకుని వెళ్లాను.
సెల్‌ఫోను లైటు వేసి నేల చూపించాడు.
కిటికీ నుంచి ప్లగ్గు దాకా,
ప్లగ్గు నుంచి ఏసీ గాలి కొట్టని స్తంభం చాటుకి
ఈడ్చిన గీతలు.
కొన్ని పాతవి, కొన్ని నిన్న రాత్రివి.
షినాస్ నుంచీ సహమ్ నుంచీ బస్సుల్లో వచ్చే పిల్లలు
సెమిస్టరంతా బల్లకాళ్లతో గీసి పెట్టిన ప్లాను.
చీర కుచ్చిళ్లు దోపుకుని కూర్చుని
టేపుతో కొలిచాను. అటు చివర అతను పట్టుకున్నాడు.

ఆ తర్వాత రాత్రుళ్లు నేనూ ఉండిపోయాను.
కరక్ టీ కప్పుల మరకలు ఎక్కడ ఒంటరివో, ఎక్కడ గుంపో చెప్పాడు.
అద్దం బోర్డు మీద సగంలో ఆగిన లెక్క ముందు
గుడ్డ పట్టుకుని నిలబడేవాడు.
"సగంల ఉన్నదాన్ని తుడువబుద్ధి గాదు."
అందుకే ప్రతి బోర్డు మూలా ఇప్పుడో చిన్న గడి ఉంది.
గడిలో టిక్కుంటే ఆ రాత్రికి లెక్క బతికినట్టే.

ఇక మా రచనా సహాయ కేంద్రం సంగతి.
అద్దాల తలుపు, పెద్ద బోర్డు, మెత్తటి సోఫా.
ఆరు వారాల రిజిస్టరులో ఏడు పేర్లు,
అందులో ముగ్గురు బాత్‌రూమ్ ఎక్కడని అడిగినవాళ్లు.
నాకు రాయడం రాదని
అద్దంలోంచి అందరికీ కనిపిస్తూ ఎవరు నడిచి వస్తారు?
బోర్డు తీసేశాం. బల్లని ప్రింటరు పక్కకి జరిపాం.
కాగితాలు బయటికొచ్చేలోపు ఊరకే నిలబడాలి కదా.
ఆ నిలబడటంలో జువైనా అడిగింది,
"మిస్, ఈ ఒక్క పేరా చూస్తారా?"
ఒక్క పేరా మూడు నెలలు నడిచింది.

హైథమ్‌ది ఇంకో కథ.
ప్రాజెక్టు గురించి నలుగురిలో చెప్పాలంటే
మొదటి మాటే గొంతులో అడ్డం పడేది.
సామాన్ల గదికి మందపాటి పరదాలు కట్టించి ఇచ్చాం.
ఖాళీ కుర్చీలకి చెప్పుకునేవాడు.
ఒక రాత్రి మాపు గోడకి ఆనించి
నర్సింలు వెనక వరసలో కూర్చున్నాడు.
ఒక్క ముక్క అర్థం కాలేదు.
పన్నెండు నిమిషాలూ తలూపాడు.

కమిటీకి నివేదిక ఇచ్చాను.
"సమాచారం ఎలా సేకరించారు?" అన్నారు.
"రాత్రివేళ ప్రత్యక్ష పరిశీలన" అని రాశాను.
ఆ మూడు మాటల్లో
అతని పేరు పట్టేంత చోటుంది.
నేను పెట్టలేదు.

డబ్బు మంజూరైంది. కొత్త బల్లలొచ్చాయి, చక్రాలతో.
వేలితో తోస్తే చాలు కదులుతాయి.
అదే నెల క్లీనింగ్ కాంట్రాక్టు మారింది.
నర్సింలుని పోర్టు వైపు గోదాములకి పంపారట.
కొత్తతను ఎవరో, పని త్వరగా ముగించి వెళ్తాడు.

ఎవరి నడుమూ నొప్పెట్టడం లేదు.
పొద్దున్నే వెళ్లి చూస్తాను.
నేల అద్దంలా ఉంటుంది.
రాత్రి ఎవరు ఎటు జరిగారో, ఎవరి పక్కన చేరారో
ఒక్క గీతా లేదు.
వచ్చే ఏడు మళ్లీ ప్లాను అడుగుతారు.
ఎవర్నడగను?